దైవం, పురుషకారం, రోగభారం

పుట్టిన చోటును బట్టి మనిషి ఆయుర్దాయం ఎంతగా మారిపోతుందో నేటి జనాభా లెక్కలు దాపరికం లేకుండా చెబుతున్నాయి. జపాన్‌లో పుట్టిన శిశువు సగటున 84 ఏళ్ల దాకా బతుకుతుందని అంచనా వేస్తుండగా, ఆఫ్రికాలోని చాద్, లెసోతో వంటి దేశాల్లో ఆ అంచనా 55 ఏళ్లకు అటూ ఇటూగా ఆగిపోతుంది. 2022లో ప్రపంచం మొత్తం మీద అయిదేళ్లు నిండకుండానే చనిపోయిన పిల్లలు సుమారు 49 లక్షల మంది. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 70 మందికి పైగా ఆ వయసు దాటలేకపోగా, జపాన్, ఫిన్లండ్ వంటి దేశాల్లో ఆ సంఖ్య రెండు మూడుకు మించదు. గర్భధారణ, ప్రసవ సంబంధమైన కారణాలతో 2020లో మరణించిన 2,87,000 మంది స్త్రీలలో నూటికి 95 మంది అల్పాదాయ, దిగువ మధ్య ఆదాయ దేశాలవారే. ఈ అంకెలకు దారితీసిన కారణాలను వైద్యశాస్త్రమూ అర్థశాస్త్రమూ వివరించగలవు గాని, వాటి వెనుక ఉన్న మరో ప్రశ్నకు జవాబు చెప్పడం ఆ శాస్త్రాల పని కాదు. మంచిగాని చెడుగాని ఇంకా ఏ పనీ చేయని పసిబిడ్డకు ఈ ఫలం ఎందుకు దక్కాలి, దానికి కర్త ఎవరు అన్నదే ఆ ప్రశ్న.

మత చింతనకు ఇది కొత్త ప్రశ్న కాదు. యోబు గ్రంథంలో, వ్రణాలతో బూడిదలో కూర్చున్న యోబు ఏదో పాపం చేసి ఉంటాడని వాదించిన మిత్రులనే చివరికి దేవుడు తప్పుపడతాడు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూపి పాపం అతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగినప్పుడు, యేసు ఆ రెండింటినీ కాదని, చేయవలసిన పని వైపు వారి దృష్టిని మళ్లిస్తాడు. క్రీస్తుశకం 639 ప్రాంతంలో సిరియాలో అమ్వాస్ ప్లేగు చెలరేగిన సందర్భంలో మార్గమధ్యం నుంచే వెనుదిరిగిన ఖలీఫా ఉమర్‌ను, దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని సేనాని అబూ ఉబైదా ప్రశ్నించగా, వెళ్లేది ఒక దైవనిర్ణయం నుంచి మరొక దైవనిర్ణయంలోకేనని ఆయన బదులిచ్చినట్లు ఇస్లామీయ సంప్రదాయం చెబుతుంది. మూడు సంప్రదాయాలూ దైవసంకల్పాన్ని అంగీకరించినవే. అయినా మొదటి రెండు సందర్భాల్లో రోగిలో దోషాన్ని వెతికే అలవాటును, మూడోదానిలో రోగాన్ని విధిగా ఒప్పుకుని ఊరుకోవడాన్ని అవి నిరాకరించాయి. భారతీయ చింతనలో ఈ ప్రశ్న మరింత పదునుగా లేస్తుంది. ఎందుకంటే అనుభవించే ప్రతి ఫలానికీ అనుభవించేవాడే కర్త అని చెప్పే సిద్ధాంతం ఇక్కడ బలంగా వేళ్లూనుకుంది.

జనపదోద్ధ్వంసం

ఆయుర్వేద గ్రంథమైన చరకసంహిత విమానస్థానంలోని మూడో అధ్యాయానికి విషయం జనపదోద్ధ్వంసం, అంటే ఒక ప్రాంతపు ప్రజలందరూ ఒకే వ్యాధితో ఒకేసారి నశించిపోవడం. పాంచాల రాజధాని కాంపిల్యం దగ్గర, గంగ ఒడ్డున, గ్రీష్మకాలంలో సంచరిస్తున్న ఆత్రేయుడిని శిష్యుడైన అగ్నివేశుడు ఒక సందేహం అడుగుతాడు. ఆయుర్వేదం ప్రకారం ప్రతి వ్యక్తికీ ప్రకృతి వేరు, ఆహారం వేరు, దేహబలం వేరు, వయసు వేరు. రోగమన్నది వ్యక్తిలోని దోషాల హెచ్చుతగ్గులను బట్టి పుట్టేదైతే, ఇన్ని తేడాలున్న జనాన్ని ఒకే వ్యాధి ఒకే కాలంలో ఎలా కూల్చగలుగుతోందన్నది ఆ సందేహం. వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్న వైద్యానికి జనసమూహం విసిరిన సవాలు ఇది.

ఆత్రేయుడి జవాబు రెండు మెట్లుగా సాగుతుంది. మనుషులు ఎన్ని విధాల వేరైనా గాలి, నీరు, నేల, కాలం అనే నాలుగూ అందరికీ ఉమ్మడివి గనుక, అవి చెడినప్పుడు అందరూ కలిసి రోగగ్రస్తులవుతారన్నది మొదటి మెట్టు. ఆ నాలుగూ చెడడానికి మూలం అధర్మమన్నది రెండో మెట్టు. పూర్వం చేసిన చెడ్డ పనుల ప్రస్తావన అక్కడ లేకపోలేదు. అయితే గ్రంథం విడమరచి చెప్పేది మాత్రం దేశాన్ని, నగరాన్ని, జనపదాన్ని ఏలే ప్రధానులు ధర్మం తప్పి ప్రజలతో వ్యవహరించడం గురించి, వారిని ఆశ్రయించినవారూ వ్యాపారంతో జీవించేవారూ ఆ అధర్మాన్ని మరింత పెంచడం గురించి, దాని పర్యవసానంగా రుతువులు గతి తప్పి, నీళ్లు చెడి, ఓషధులు సారం కోల్పోవడం గురించి. రోగానికి కారణమైన క్రియ ఒకరిది, రోగం మరొకరిది కావచ్చునన్న అంగీకారం ఈ వివరణలోనే ఉంది.

తెలుగు పల్లెల్లో గ్రామదేవతల ఆరాధన కూడా ఇలాంటి అవగాహననే మరో రూపంలో నిలుపుకుంది. మశూచి సోకితే అమ్మవారు పోసిందన్నారే తప్ప, రోగి పాపం పండిందని అనలేదు. పడకచుట్టూ వేపాకు పరిచి రోగిని శుచిగా, గౌరవంగా చూసుకున్నారు. పోలేరమ్మకు, ముత్యాలమ్మకు మొక్కు చెల్లించింది ఒక ఇల్లు కాదు, పొలిమేర లోపలి ఊరంతా. ఆ ఆచారాలకు మశూచిని ఆపే శక్తి లేకపోయినా, వ్యాధి ఊరుమ్మడి వ్యవహారమన్న గ్రహింపు వాటిలో ఉంది. మశూచిని చివరికి భూమి మీద లేకుండా చేసిన టీకా కార్యక్రమం సైతం ఊరును ఊరుగానే చూసి, సోకిన ఇంటి చుట్టూ ఉన్నవారందరికీ టీకా వేసే పద్ధతితో నెగ్గింది; 1980లో ప్రపంచ ఆరోగ్య సభ ఆ వ్యాధి నిర్మూలనను ప్రకటించింది.

అకృతాభ్యాగమం

కర్మ సిద్ధాంతానికి తార్కికమైన ఆధారం ఒకటుంది. చేసిన పనికి ఫలం లేకుండా పోవడాన్ని కృతనాశమనీ, చేయని పనికి ఫలం వచ్చిపడడాన్ని అకృతాభ్యాగమమనీ భారతీయ దార్శనికులు పిలిచి, ఈ రెండింటినీ దోషాలుగా ఎంచారు. లోకం నైతికంగా అర్థవంతమైనదైతే ఈ రెండు దోషాలకూ అందులో చోటు ఉండరాదు. పసిబిడ్డ బాధకు ఈ జన్మలో కారణం కనబడడం లేదు గనుక కారణం పూర్వజన్మలో ఉండి తీరాలి. వాదనగా ఇది బలమైనదే. అయితే దానివల్ల కలిగే ప్రమాదం కూడా అక్కడే ఉంది. లోకంలో కనబడే ప్రతి అసమానతనూ కనబడని జన్మకు అప్పగించవచ్చు గనుక, కళ్లెదుట ఉన్న కారణాలను వెతికే పని ఆగిపోతుంది.

బౌద్ధ గ్రంథాలు ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించాయి. మజ్ఝిమ నికాయంలోని ఒక సుత్తం ప్రాణులను హింసించినవాడు రోగిష్ఠిగా పుడతాడని చెబుతుంది. సంయుత్త నికాయంలో మోళియసీవకుడనే పరివ్రాజకుడికి చేసిన ఉపదేశం మాత్రం మనిషి పొందే వేదనలకు ఎనిమిది కారణాలను లెక్కపెడుతుంది. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడింటి కలయిక, రుతువుల మార్పు, తగని వ్యవహరణ, ఇతరులు కలిగించిన దెబ్బ అనే ఏడింటి తర్వాత ఎనిమిదోదిగా మాత్రమే కర్మవిపాకం వస్తుంది. అన్ని వేదనలూ పూర్వకర్మ ఫలాలేనని వాదించేవారు తమ అనుభవానికీ లోకం ఎరిగిన సత్యానికీ హద్దు దాటిపోతున్నారన్నది బుద్ధుడి అభిప్రాయం. వినయపిటకంలో విరేచనాలతో సొంత మలంలో పడి ఉన్న భిక్షువును ఆయన స్వయంగా కడిగి పడుకోబెట్టిన ఘట్టం కూడా ఉంది. అక్కడ ఆయన విచారించింది ఆ భిక్షువు పూర్వజన్మను కాదు, అతన్ని చూసుకునేవారు ఎవరూ ఎందుకు లేరన్న విషయాన్ని.

చరకసంహిత, బౌద్ధ గ్రంథాలు ఇచ్చే ఈ రెండు ఆధారాలనూ కలిపి చూస్తే, అకృతాభ్యాగమం లోకంలో జరగనే జరగదన్న మూలవాక్యమే సందేహాస్పదమవుతుంది. ఒకరి అధర్మం గాలిలో, నీటిలో, నేలలో కలిసి మరొకరి ఒంట్లో రోగమై తేలడం నిజంగానే జరుగుతోంది. అప్పుడు అకృతాభ్యాగమం తర్కదోషంగా కాక న్యాయదోషంగా మిగులుతుంది. అంటే పూర్వజన్మను ఊహించి ఆ లెక్కను సరిచేయడం కాదు, లోకాన్ని సరిచేయడమే దానికి పరిష్కారం అవుతుంది.

వాతావరణమూ కాదు, ఆదాయమూ కాదు

ఇక్కడ బలమైన ఆక్షేపణ ఒకటి వస్తుంది. పేద దేశాలు ఎక్కువగా ఉష్ణమండలంలో ఉన్నాయి; దోమలు, క్రిములు, పరాన్నజీవులు అక్కడి వేడికి, తేమకు పెరుగుతాయి; దీనికి ఎవరి అధర్మమూ కారణం కానక్కరలేదు గదా అన్నది ఆ ఆక్షేపణ. మలేరియా చరిత్ర దీనికి సమాధానం. ఒకప్పుడు ఇంగ్లండ్ చిత్తడి నేలల్లోనూ, రోమ్ నగరం చుట్టుపక్కలా, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ మలేరియా స్థిరంగా కాపురముంది. చిత్తడి నేలల్లో నీరు తీసివేయడం, ఇళ్లు మెరుగుపడడం, క్వినైన్, ఆ తర్వాత డీడీటీ కలిసి దాన్ని అక్కడినుంచి వెళ్లగొట్టాయి. ఉష్ణమండలంలోనే ఉన్న శ్రీలంక 2016లో మలేరియా లేని దేశంగా గుర్తింపు పొందింది. 2022లో మాత్రం మలేరియా సుమారు 6,08,000 మందిని బలిగొనగా, వారిలో నూటికి 95 మంది ఆఫ్రికావారు, అందులోనూ ఎక్కువమంది అయిదేళ్లలోపు పిల్లలు. దోమకు కావలసిన వాతావరణాన్ని ప్రకృతి ఇవ్వవచ్చు. ఆ మరణాల పటాన్ని గీసింది మాత్రం ప్రకృతి ఒక్కటే కాదు.

ఆదాయమే అన్నింటినీ నిర్ణయిస్తుందన్న మాట కూడా పూర్తిగా నిలవదు. అమెరికా జనాభా శాస్త్రజ్ఞుడు శామ్యూల్ ప్రెస్టన్ 1975లో చూపినట్లు, తలసరి ఆదాయం పెరిగేకొద్దీ ఆయుర్దాయం మొదట వేగంగా పెరిగి తర్వాత నెమ్మదిస్తుంది; అంతకన్నా ముఖ్యంగా, అదే ఆదాయం ఉన్న దేశంలో 1930లలో కంటే 1960లలో మనుషులు ఎక్కువ కాలం బతికారు. డబ్బు కాకుండా మరేదో, అంటే టీకాలు, శుభ్రమైన నీరు, రోగకారకాల గురించిన జ్ఞానం, ఆ తేడాకు ఎక్కువగా కారణమైంది. తక్కువ ఖర్చుతో మంచి ఆరోగ్యం సాధించిన ప్రాంతాలుగా చైనా, కోస్టారికా, శ్రీలంక, కేరళలను 1985లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అధ్యయనం చేసింది. స్త్రీల చదువు, ఇంటికి దగ్గరగా ప్రాథమిక వైద్యం, పేదలకు అందే ఆహారం అక్కడి ఫలితాల వెనుక ప్రధానంగా కనబడ్డాయి. కోస్టారికా పౌరుడి సగటు ఆయుర్దాయం, వైద్యం మీద ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఖర్చుపెట్టే అమెరికా పౌరుడి ఆయుర్దాయానికి తీసిపోవడం లేదు.

వాతావరణం విధి కాదు, ఆదాయం విధి కాదు అని తేలితే, దురదృష్టానికీ అన్యాయానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న తాత్త్విక సమస్య ముందుకు వస్తుంది. రాజనీతి తత్త్వవేత్త జూడిత్ ష్‌క్లార్ 1990లో ప్రచురించిన గ్రంథంలో సరిగ్గా ఈ సమస్యనే చర్చించి, ఆ గీత ప్రకృతిలో సిద్ధంగా ఉండేది కాదనీ, ఆపగలిగిన వారు ఆపడానికి పూనుకున్నారా లేదా అన్నదానిని బట్టి అది జరుగుతుంటుందనీ వాదించారు. ఎయిడ్స్ చికిత్స చరిత్రలో ఆ గీత జరిగిన తీరు స్పష్టంగా కనబడుతుంది. 1996కు ముందు ఆ వ్యాధికి సమర్థమైన చికిత్స లేకపోవడం ధనిక, పేద రోగులకు ఒకే దురదృష్టం. ఆ ఏడాది నుంచి మూడు మందుల కలయిక సంపన్న దేశాల్లో మరణాలను వేగంగా తగ్గించింది. కానీ ఒక్కొక్క రోగికి ఏడాదికి పదివేల డాలర్లకు పైగా అయ్యే ఆ మందులు ఆఫ్రికాకు అందలేదు. 2001లో భారతీయ కంపెనీ సిప్లా అదే చికిత్సను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ముందుకొచ్చింది. అదే సంవత్సరం దక్షిణాఫ్రికా ఔషధ చట్టం మీద 39 మందుల కంపెనీలు వేసిన దావాను ఉపసంహరించుకున్నాయి. నవంబరులో దోహాలో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలు పేటెంట్ నిబంధనలు ప్రజారోగ్య రక్షణకు అడ్డురాకూడదని ప్రకటించాయి. రోగం మారలేదు, క్రిమి మారలేదు, రోగి పూర్వజన్మ మారలేదు; మారింది మందు ధర, దాని చుట్టూ అల్లిన చట్టం. అంతకుముందు అయిదేళ్లలో సంభవించిన మరణాలను దైవానికి అప్పగించడం ఇక సాధ్యం కాదు.

ప్రజ్ఞాపరాధం

అధర్మానికి మూలమేమిటన్న ప్రశ్నకు చరకసంహిత ఇచ్చే జవాబు ప్రజ్ఞాపరాధం, అంటే బుద్ధి చేసే తప్పు. శారీరస్థానం దీనిని మూడుగా విడదీస్తుంది. హితమేదో అహితమేదో సరిగా చూడలేకపోవడం ధీభ్రంశం. తెలిసినా మనసును పట్టి నిలపలేకపోవడం ధృతిభ్రంశం. తెలుసుకున్న సత్యాన్ని మరచిపోవడం స్మృతిభ్రంశం. గ్రంథం వ్యక్తి గురించి చెప్పిన ఈ విభజనను జనపదోద్ధ్వంస అధ్యాయం స్ఫూర్తితో సమాజానికి అన్వయిస్తే, ప్రపంచ రోగభారంలోని అసమానత మూడు రకాల తప్పులుగా విడిపోయి కనబడుతుంది.

మొదటిది చూపులోని లోపం. పేద దేశాలను పీడించే వ్యాధుల మీద పరిశోధన చాలాకాలం నామమాత్రంగానే సాగింది. నిద్రవ్యాధి, కాలా ఆజార్, బోదకాలు వంటి వాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధులన్న పేరే పెట్టింది. మందు కొనగల శక్తి లేనివారి రోగం మందుల విపణికి కనబడదు. దీనికి భిన్నమైన చూపు ఉన్నవారూ లేకపోలేదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1940లలో డైఇథైల్‌కార్బమజీన్ అనే మందును కనుగొంది. కోస్తా ఆంధ్రలో తరతరాలుగా మనుషులను అవిటివాళ్లను చేసిన బోదకాలు వ్యాధికి అదే మందు. జపాన్ కంపెనీ ఐసాయ్ ఆ మాత్రలను విశాఖపట్నంలోని తన కర్మాగారంలో తయారుచేసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా వ్యాధిపీడిత దేశాలకు ఉచితంగా అందిస్తోంది.

రెండోది నిలకడలోని లోపం. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో చూసింది 1897 ఆగస్టులో. అంటే వ్యాధి వ్యాపించే దారి తెలిసి నూట పాతికేళ్లు దాటింది. 1955లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తలపెట్టిన మలేరియా నిర్మూలన ఉద్యమం సహారా దిగువ ఆఫ్రికాను చాలావరకు పక్కనపెట్టి నడిచి, 1969లో ఆ లక్ష్యాన్నే వదులుకుంది. 1978లో అల్మా అటాలో 134 దేశాల ప్రతినిధులు ప్రాథమిక వైద్యాన్ని ఇంటి ముంగిటికి చేర్చి 2000 సంవత్సరానికల్లా అందరికీ ఆరోగ్యం సాధించాలని సంకల్పించారు. ఏడాది తిరగకముందే అంత విస్తారమైన లక్ష్యం ఆచరణకు కుదరదని, ఎంచుకున్న కొద్ది చికిత్సలతో సరిపెట్టాలన్న వాదన మొదలై, క్రమంగా పైచేయి సాధించింది.

మూడోది జ్ఞాపకంలోని లోపం. శ్రీలంకలో 1963 నాటికి మలేరియా కేసులు 17కు పడిపోయాయి; వ్యాధి పోయిందనుకుని పిచికారీని, నిఘాను సడలించగా, 1969కల్లా కేసులు అయిదు లక్షలు దాటాయి. సంపన్న దేశాలు తమ గతాన్ని మరచిపోవడం ఇంతకన్నా లోతైన మరపు. ఎడ్విన్ చాడ్విక్ 1842 నివేదిక ప్రకారం మాంచెస్టర్‌లో కూలీల కుటుంబాలవారు చనిపోయే సగటు వయసు 17 ఏళ్లు. గ్రామీణ రట్లండ్‌లో పెద్దింటివారికి అది 52. నేడు దేశాల మధ్య కనబడే అంతరం నాడు ఒకే దేశంలో, కొద్ది దూరంలో ఉంది. ఆ అంతరం పూడింది మురుగు కాలువలు, మంచినీరు, కార్మిక చట్టాల వల్లనే గాని, మాంచెస్టర్ కూలీల కర్మ మారి కాదు.

జీవనశైలి అనే కొత్త కర్మ

ఈజిప్టులో పుట్టిన అబ్దెల్ ఒమ్రాన్ అనే శాస్త్రజ్ఞుడు 1971లో, సమాజాలు అంటువ్యాధుల, కరువుల దశ నుంచి మహమ్మారులు తగ్గే దశకు, అక్కడినుంచి గుండెజబ్బు, కేన్సర్ వంటి క్షీణవ్యాధుల దశకు సాగుతాయని వివరించారు. ఈ సిద్ధాంతాన్ని మెట్లవరుసగా అర్థం చేసుకున్నవారు మధుమేహం, రక్తపోటు సంపన్నుల రోగాలనీ, పేదలు ఇంకా పాత రోగాల దశలోనే ఉన్నారనీ భావించారు. వాస్తవం అలా లేదు. 70 ఏళ్ల లోపు అసాంక్రామిక వ్యాధులతో ఏటా చనిపోతున్న సుమారు 1 కోటి 70 లక్షల మందిలో నూటికి 80 మందికి పైగా అల్ప, మధ్య ఆదాయ దేశాలవారే. భారతదేశపు మొత్తం రోగభారంలో ఈ వ్యాధుల వాటా 1990లో నూటికి 30 ఉండగా 2016 నాటికి 55కు పెరిగింది. క్షయ మాత్రం ఇంకా పోలేదు, ప్రపంచ క్షయరోగుల్లో సుమారు నాలుగో వంతు భారతీయులే. పాత రోగాలు వదలకముందే కొత్తవి వచ్చి చేరిన ఈ స్థితిని జంట భారమని పిలుస్తున్నారు.

ఈ వ్యాధులకు జీవనశైలి జబ్బులన్న పేరు స్థిరపడడంతో పాత కర్మవాదమే కొత్త వేషంలో తిరిగి వచ్చింది. ఎక్కువ తిన్నాడు, నడవలేదు, పొగ తాగాడు, కనుక అనుభవిస్తున్నాడన్న తీర్పులో పూర్వజన్మ స్థానాన్ని పూర్వపు అలవాట్లు ఆక్రమించాయి. అలవాట్లకు ప్రభావం లేదనడం సరికాదు. కానీ చౌకగా దొరికేది పాలిష్ పట్టిన బియ్యమూ నూనె సరుకులే అయినప్పుడు, పొగాకు కంపెనీలు తమ దేశాల్లో పోయిన గిరాకీని పేద దేశాల్లో వెతుక్కుంటున్నప్పుడు, ఎంపికలో ఎంతభాగం మనిషి చేతిలో ఉందో తూచి చూడాలి. అంతకన్నా లోతైన ఆధారం ఒకటుంది. 1944–45 శీతాకాలంలో జర్మన్ ఆక్రమణ వల్ల కరువుపాలైన నెదర్లండ్స్‌లో గర్భస్థ శిశువులుగా ఉన్నవారిని పెద్దయ్యాక పరీక్షించగా, వారి శరీరాలు చక్కెరను సరిగా వాడుకోలేకపోతున్నట్లు తేలింది. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ జనన రికార్డులను పరిశీలించిన డేవిడ్ బార్కర్, తక్కువ బరువుతో పుట్టినవారిలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని చూపారు. తల్లి కడుపులో ఆకలికి అలవాటుపడిన శరీరం తర్వాత దొరికిన తిండిని తట్టుకోలేకపోతుంది. పుట్టుకకు ముందు జరిగినదే ఈ జన్మలో రోగమై పక్వమవుతుందన్న నమ్మకానికి ఇక్కడ ఒక విధమైన సమర్థన దొరుకుతుంది. కాకపోతే పుట్టుకకు ముందు జరిగింది ఆ జీవుడు చేసిన పని కాదు, అతని తల్లికి అందని అన్నం.

ఎవరి ధర్మం

కారణం ఉమ్మడిదని ఒప్పుకున్నా, నివారించే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది. ధర్మం ఎప్పుడూ ఒక స్థానం నుంచి, ఒక బంధం నుంచి పుడుతుందనీ, ఇంటివారికి, ఊరివారికి ఉన్న బాధ్యత ఎరుగని దేశంలోని అపరిచితుడి పట్ల ఉండదనీ వాదించవచ్చు. 1971లో తూర్పు బెంగాల్ శరణార్థుల దుస్థితిని చూసి రాసిన వ్యాసంలో ఆస్ట్రేలియా తత్త్వవేత్త పీటర్ సింగర్, తనకు అంతే విలువైనదేదీ కోల్పోకుండా ఒక ఘోరాన్ని ఆపగలిగినప్పుడు ఆపి తీరాలనీ, దూరం ఆ బాధ్యతను తగ్గించదనీ ప్రతిపాదించారు. అయితే ఇది సాయం చేయవలసిన బాధ్యతకు పరిమితమైన వాదన. జర్మన్ తత్త్వవేత్త తామస్ పోగె మరో మెట్టు పైకి వెళ్లి, సంపన్న దేశాలు సాయం చేయకపోవడం ఒక్కటే కాదు, వాణిజ్య, పేటెంట్ నిబంధనలను తమకు అనుకూలంగా రాసుకోవడం ద్వారా హాని కూడా చేస్తున్నాయని అన్నారు. అప్పుడు బాధ్యతకు ఆధారం దయ కాదు, చేసిన హానికి పరిహారం.

భారతీయ చింతనలోని ఋణభావన ఈ రెంటికీ నడుమ ఒక దారి చూపుతుంది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడింటితో పాటు శతపథ బ్రాహ్మణం మనుష్యఋణాన్ని కూడా చెబుతుంది. సాటి మనుషుల వల్ల నిలిచిన బతుకు సాటి మనుషులకు బాకీ పడి ఉంటుందన్నది దాని సారం. భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుడు, రోజుల తరబడి పస్తులుండి దొరికిన చివరి గుక్కెడు నీటిని కూడా వచ్చిన అపరిచితుడికి ఇచ్చివేసి, అష్టసిద్ధులతో కూడిన పరమగతిని గాని మోక్షాన్ని గాని కోరక ప్రాణుల బాధను తానే అనుభవించాలని కోరుకుంటాడు. అడిగినవాడు ఎవడన్న విచారణ ఆయనకు అవసరం కాలేదు.

నేటి వైద్య వ్యవస్థలో ఈ ఋణం లెక్కకు అందేంత స్థూలంగా ఉంది. ప్రపంచ రోగభారంలో దాదాపు నాలుగో వంతు మోస్తున్న ఆఫ్రికాలో ప్రపంచ ఆరోగ్య సిబ్బందిలో నూటికి ముగ్గురే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో లెక్కగట్టింది. పేద దేశాల ప్రజాధనంతో చదివిన వైద్యులు, నర్సులు సంపన్న దేశాల ఆస్పత్రులను నిలబెడుతున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ప్రభుత్వ వైద్య కళాశాలల్లో చదివి అమెరికా, బ్రిటన్‌లలో స్థిరపడిన తెలుగు వైద్యులూ ఆ ప్రవాహంలో భాగమే. వలస వెళ్లడం వ్యక్తి హక్కు, దానిని పాపమనడం మళ్లీ వ్యక్తి మీదకే నింద మళ్లించడం అవుతుంది. ఆ చదువు ఫలాన్ని అందుకుంటున్న దేశం, దానికి పెట్టుబడి పెట్టిన దేశానికి బాకీ పడిందన్నది మాత్రం న్యాయమైన మాటే. ప్రపంచ ఆరోగ్య సభ 2010లో ఆమోదించిన నియమావళి ఈ దిశలో ఒక ప్రయత్నమే అయినా, పాటించి తీరాలన్న కట్టుబాటు అందులో లేదు.

అకాలమృత్యువు

వ్యాధినంతటినీ అన్యాయంగా వ్యాఖ్యానిస్తే, జరామరణాలు మనిషికి సహజమన్న సత్యం మరుగున పడుతుందని మతచింతన హెచ్చరించవచ్చు. ఆ హెచ్చరిక సరైనదే. జపాన్ వృద్ధుడూ మరణిస్తాడు. వైద్యం ఎంత పెరిగినా దుఃఖసత్యం రద్దు కాదు. ఆయుర్దాయాన్ని పెంచడమే పరమార్థమనుకునే సమాజం మరణాన్ని ఎదుర్కొనే శక్తిని కోల్పోతుంది. అయితే జనపదోద్ధ్వంస అధ్యాయం చివరిభాగం సరిగ్గా ఈ భేదాన్నే చర్చిస్తుంది. ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా అన్న ప్రశ్నకు ఆత్రేయుడు, పూర్వదేహంలో చేసినదాన్ని దైవమనీ, ఈ దేహంతో చేసేదాన్ని పురుషకారమనీ విడదీసి, బలమైనది బలహీనమైనదాన్ని గెలుస్తుందనీ, అందరి ఆయుష్షూ ముందే నిర్ణయమై ఉంటే వైద్యానికే అర్థం ఉండదనీ అంటాడు. బండి ఇరుసు మంచిదైతే తన కాలం నడిచి అరిగిపోతుంది; అధికభారం వల్లో చెడ్డదారి వల్లో అదే ఇరుసు మధ్యలో విరుగుతుంది; మొదటిది కాలమృత్యువు, రెండోది అకాలమృత్యువు. నూరేళ్లూ నిండిన మరణం తత్త్వచింతనకు విషయం. అయిదేళ్లు నిండని మరణం ధర్మచింతనకు విషయం.

దైవానికీ పురుషకారానికీ మధ్య సరిహద్దు స్థిరంగా ఉండదని కూడా దీనివల్ల తెలుస్తుంది. టీకా లేని రోజుల్లో మశూచి దైవం. టీకా వచ్చాక, దానిని అందరికీ చేర్చగల సామర్థ్యం ఏర్పడ్డాక, అందకుండా పోయిన ప్రతి మరణం పురుషకారపు వైఫల్యం. అయిదేళ్లలోపు పిల్లల మరణాలు 1990లో వెయ్యికి 93 ఉండగా 2022 నాటికి 37కు తగ్గాయి. ఆ తగ్గుదల కోట్ల జీవుల ప్రారబ్ధం ఒక్కసారిగా మెరుగుపడడం వల్ల వచ్చిందని కర్మవాది సైతం వాదించడు. జ్ఞానం పెరిగేకొద్దీ దైవం పరిధి తగ్గి, మనుషులు జవాబు చెప్పుకోవలసిన పరిధి పెరుగుతూ వచ్చింది.

కనుక కర్మ సిద్ధాంతాన్ని విడిచిపెట్టవలసిన అవసరం లేదు. దానిని వాడే దిక్కు మార్చుకోవాలి. చేసేవాడికి చేసే పని గురించి హెచ్చరికగా ఉన్నంతకాలం అది ధర్మానికి బలం. అనుభవించేవాడి మీద తీర్పుగా మారిన క్షణం అది పక్కవాడి నిర్లక్ష్యానికి సాకు. పేద దేశంలో పసిబిడ్డ మరణం ఆ బిడ్డ పూర్వకర్మ గురించి ఏమి చెబుతుందో రుజువు చేయగలవారు ఎవరూ లేరు. ఆ మరణాన్ని ఆపగలిగి ఆపని ప్రభుత్వాలు, విపణులు, అంతర్జాతీయ ఒప్పందాలు, వాటి లాభాన్ని అనుభవిస్తున్న సమాజాలు ఏ కర్మను కూడబెట్టుకుంటున్నాయన్నది మాత్రం కర్మ సిద్ధాంతం పరిధిలోనే అడగవలసిన ప్రశ్న. ఆ సిద్ధాంతాన్ని నిజంగా నమ్మేవారు అందరికంటే ముందు అడగవలసిన ప్రశ్న కూడా.